గ్యాస్‌ను కాల్చడం తేలికే.. యాసిడ్‌ను పట్టడమే అసలు పని

ఫిల్మ్‌నగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా ఒక ఎడిటింగ్‌ రూమో, డబ్బింగ్‌ థియేటరో తగులుతుంది. సౌండ్‌ బయటికి పోకూడదు కాబట్టి వాటికి కిటికీలు ఉండవు. లోపల సిస్టమ్స్‌ రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి. ఏసీ ఆగితే పని ఆగినట్టే. షూటింగ్‌ స్పాట్‌కి వచ్చే కారవాన్‌ నెత్తినా ఏసీనే. ఇక జూబ్లీహిల్స్‌ ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ ఏసీల్లో ఒకదాన్ని మార్చే రోజు టెర్రస్‌ ఎక్కి చూడండి. మెకానిక్‌ స్పానర్‌తో నట్టు విప్పుతాడు. బుస్సుమని చప్పుడొస్తుంది. కాసేపటికి లోపలి గ్యాస్‌ అంతా గాల్లో కలిసిపోతుంది. రాగి పైపుకి రేటుంది, కంప్రెసర్‌కి రేటుంది, పాత సామాన్ల షాపువాడు రెండూ తూకమేసి తీసుకుంటాడు. గ్యాస్‌కి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. మరి మెకానిక్‌ దాన్ని ఎందుకు పట్టి దాచాలి?

ఇంకో దృశ్యం కూడా కనిపిస్తుంది. పైపులో కాస్త గ్యాస్‌ మిగిలి ఉండగానే వెల్డింగ్‌ మంట పెడతారు. పాత ఆర్‌-22 గ్యాస్‌ అయితే మంట ఆకుపచ్చగా మారుతుంది. ఘాటైన వాసనకి ముక్కు, గొంతు మండిపోతాయి. దగ్గుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేస్తారు. కొత్త ఆర్‌-32, ఆర్‌-410ఏ గ్యాసుల్లో క్లోరిన్‌ లేదు కాబట్టి ఆ ఆకుపచ్చ రంగు రాదు. ఘాటు మాత్రం వస్తుంది. అంటే కంటికి కనిపించే హెచ్చరిక పోయింది, ప్రమాదం అలాగే ఉంది. ఆ ఘాటు పేరు యాసిడ్‌ గ్యాస్‌. ఏసీ గ్యాస్‌ను పద్ధతి ప్రకారం కాల్చి నాశనం చేసే ప్లాంటులో పుట్టేదీ అదే. కాకపోతే అక్కడ కిలోల్లో పుడుతుంది.

ఇప్పుడే ఎందుకు?

రెండు క్యాలెండర్లు గుర్తుపెట్టుకోండి. కరెంట్‌ అఫైర్స్‌ పేపర్లో కూడా పనికొస్తాయి. మొదటిది ఓజోన్‌ పొరకు సంబంధించిన మాంట్రియల్‌ ప్రోటోకాల్‌ది. దాని ప్రకారం మనలాంటి దేశాలు ఆర్‌-22 వంటి హెచ్‌సీఎఫ్‌సీలను 2025 నాటికి 67.5 శాతం తగ్గించాలి. 2030కి దాదాపు ఆపేయాలి. పాత మెషీన్ల సర్వీసింగ్‌ కోసం 2040 దాకా కొద్దిపాటి వెసులుబాటు ఉంది. రెండోది కిగాలీ సవరణది. ఇది ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీల కోసం వచ్చింది. మన దేశం దీన్ని 2021లో ఆమోదించింది. 2024, 2025, 2026 సంవత్సరాల వాడకాన్ని ప్రాతిపదికగా తీసుకుని, 2028లో ఆ స్థాయి దాటకుండా ఆపాలి. 2032కి 10 శాతంతో తగ్గింపు మొదలుపెట్టి 2047కి 85 శాతానికి చేరాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ రెండూ ప్రధానంగా తయారీని, దిగుమతిని, వాడకాన్ని లెక్కగడతాయి. ఇప్పటికే ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో, కార్లలో నిండి ఉన్న గ్యాస్‌ ఏమవుతుందన్నది వేరే కథ. ఈ నిల్వను ఈ రంగంలో ‘బ్యాంక్‌’ అంటారు. కిలో ఆర్‌-22 గాల్లో కలిస్తే వందేళ్ల లెక్కన సుమారు 1.8 టన్నుల కార్బన్‌ డయాక్సైడ్‌తో సమానం. ఆర్‌-410ఏ అయితే 2 టన్నుల పైమాటే. ఆర్‌-32 కాస్త నయం, 675 కిలోలు. ఒక మామూలు స్ప్లిట్‌ ఏసీలో ఉండేది అటూఇటూగా కిలో గ్యాసే. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌ టెర్రస్‌లన్నీ లెక్కేసుకోండి.

గ్యాస్‌ను దించుకుని శుభ్రం చేసి మళ్లీ వాడటమే మొదటి దారి. అయితే ఒకే సిలిండర్లోకి ఆర్‌-22, ఆర్‌-410ఏ కలిపి పట్టేస్తే విడదీయడం చాలా కష్టం, ఖర్చు కూడా. కాలిన ఆయిల్‌, తేమ కలిసినదీ అంతే. అలాంటివాటికి మిగిలే దారి నాశనం చేయడమే.

ఒక చిన్న లెక్క

కెమికల్‌ ఇంజినీరింగ్‌ వాళ్లకి ఇది రెండో ఏడాది మాస్‌ బ్యాలెన్స్‌. మిగతావాళ్లకి ఇంటర్‌ కెమిస్ట్రీ చాలు. ఆర్‌-22 అణువులో ఒక కార్బన్‌, ఒక హైడ్రోజన్‌, ఒక క్లోరిన్‌, రెండు ఫ్లోరిన్‌లు ఉంటాయి. దాన్ని 1100 డిగ్రీలు దాటిన వేడిలో నీటి ఆవిరితో, ఆక్సిజన్‌తో కలిపి కాలిస్తే కార్బన్‌ డయాక్సైడ్‌, ఒక హైడ్రోక్లోరిక్‌ యాసిడ్‌ అణువు, రెండు హైడ్రోఫ్లోరిక్‌ యాసిడ్‌ అణువులు వస్తాయి. హైడ్రోజన్‌ సరిపడా అందకపోతే క్లోరిన్‌ నేరుగా క్లోరిన్‌ వాయువుగానే బయటికొస్తుంది. అందుకే ఆవిరిగానీ సహజవాయువుగానీ తోడు ఇస్తారు.

కిలో ఆర్‌-22 కాలిస్తే వచ్చేది సుమారు 463 గ్రాముల హెచ్‌ఎఫ్‌, 422 గ్రాముల హెచ్‌సీఎల్‌. ఆర్‌-32 అయితే కిలోకి 769 గ్రాముల హెచ్‌ఎఫ్‌. ఆర్‌-410ఏ అయితే దాదాపు 800. వాతావరణానికి కాస్త నయమనుకున్న కొత్త గ్యాసులే కాల్చేటప్పుడు ఎక్కువ హెచ్‌ఎఫ్‌ ఇస్తాయన్నమాట.

గంటకి 10 కిలోల ఆర్‌-22 కాల్చే చిన్న యూనిట్‌ అనుకుందాం. పొగ గంటకి 1000 ఘనపు మీటర్లు వస్తుందని లెక్క కోసం తీసుకుందాం. అప్పుడు ఘనపు మీటరుకి 4,630 మిల్లీగ్రాముల హెచ్‌ఎఫ్‌ ఉంటుంది. మన దేశంలో కామన్‌ హజార్డస్‌ వేస్ట్‌ ఇన్సినరేటర్లకి ఉన్న పరిమితి 4 మిల్లీగ్రాములు. అంటే 99.9 శాతం పైగా పట్టేయాలి. హెచ్‌సీఎల్‌కి పరిమితి 50, కాబట్టి దానికి 98.8 శాతం చాలు. డిజైన్‌ను శాసించేది ఫ్లోరిన్‌ అని ఈ రెండు అంకెలు చూస్తేనే అర్థమైపోతుంది. ఇంటర్వ్యూలో కాగితం మీద ఈ లెక్క వేసి చూపించండి. థియరీ నిర్వచనాలు అప్పజెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

గోపురంలో ఏం జరుగుతుంది?

మొదటి గండం చల్లార్చడం. కాలిన పొగ నెమ్మదిగా చల్లారితే, ముఖ్యంగా 450 నుంచి 200 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే, క్లోరిన్‌ ఉన్నచోట డయాక్సిన్లు మళ్లీ పుడతాయి. అందుకే నీళ్లు చల్లి క్షణాల్లో 100 డిగ్రీల లోపలికి దించేస్తారు. దీన్నే క్వెంచ్‌ అంటారు. తర్వాత పొగ కింది నుంచి పైకి, కాస్టిక్‌ సోడా ద్రావణం పై నుంచి కిందికి వచ్చే గోపురం ఉంటుంది. అదే స్క్రబ్బర్‌. మన 10 కిలోల ఉదాహరణలో గంటకి దాదాపు 14 కిలోల కాస్టిక్‌ కావాలి. అదీ లెక్క ప్రకారమే. ఆపరేటర్‌ భయపడి పీహెచ్‌ను మరీ పైకి పెట్టేస్తే కాస్టిక్‌ కాస్తా పొగలోని కార్బన్‌ డయాక్సైడ్‌ను పట్టడానికే ఖర్చయిపోతుంది. బిల్లు పెరుగుతుంది, ఫలితం పెరగదు. తక్కువ పెడితే యాసిడ్‌ చిమ్నీలోంచి వెళ్లిపోతుంది. ఈ బ్యాలెన్స్‌ పుస్తకంలో ఉండదు, షిఫ్టులో నేర్చుకోవాలి.

ఇంకో చిక్కుంది. కాస్టిక్‌తో హెచ్‌ఎఫ్‌ కలిస్తే సోడియం ఫ్లోరైడ్‌ వస్తుంది. అది లీటరు నీటిలో 40 గ్రాములు మించి కరగదు. ద్రావణాన్ని అదేపనిగా తిప్పి వాడితే పలుకులు కట్టి నాజిళ్లు, ప్యాకింగ్‌ పూడిపోతాయి. పొటాషియం ఫ్లోరైడ్‌ చాలా బాగా కరుగుతుంది కాబట్టి కొన్నిచోట్ల పొటాష్‌ వాడి, తర్వాత సున్నంతో ఫ్లోరైడ్‌ను విడదీస్తారు.

హైదరాబాద్‌ ఫార్మా వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ ఒక్కటీ మర్చిపోవద్దు. పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో యాసిడ్‌ అనగానే గ్లాస్‌ లైన్డ్‌ రియాక్టర్‌ గుర్తొస్తుంది. హెచ్‌సీఎల్‌ దాన్ని ఏమీ చేయలేదు. హెచ్‌ఎఫ్‌ మాత్రం గాజునే తినేస్తుంది. సిలికా ఎక్కువున్న ఫర్నేస్‌ ఇటుకల్నీ వదలదు. అందుకే హై అల్యూమినా ఇటుకలు, గ్రాఫైట్‌, టెఫ్లాన్‌ లైనింగ్‌ అంటూ ఖరీదైన జాబితా తయారవుతుంది. మనిషి విషయానికొస్తే, పలుచని హెచ్‌ఎఫ్‌ చర్మం మీద పడితే నొప్పి వెంటనే తెలియకపోవచ్చు. ఈలోపు లోపలికి ఇంకి ఒంట్లో కాల్షియంను పట్టేసుకుంటుంది. నీళ్లతో కడిగి కాల్షియం గ్లూకోనేట్‌ జెల్‌ రాస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ జెల్‌ ఎక్కడుందో చూపించలేని ప్లాంటులో హెచ్‌ఎఫ్‌ పని ఒప్పుకోవద్దు. ఆఫర్‌ లెటర్‌ ఎంత బాగున్నా సరే.

రుద్రారం కథ

ఉదాహరణ కోసం జపాన్‌ వెళ్లక్కర్లేదు. జూబ్లీహిల్స్‌ నుంచి ముంబై హైవే ఎక్కి పటాన్‌చెరు దాటితే రుద్రారం. గీతం విద్యార్థులకి తెలిసిన ఊరే. హిందుస్థాన్‌ ఫ్లోరోకార్బన్స్‌ లిమిటెడ్‌ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఇక్కడే ఉండేది. 1983లో ఏర్పడి, 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తయారు చేసింది ఆర్‌-22నే. దాన్నుంచి టెఫ్లాన్‌గా మనం పిలిచే పీటీఎఫ్‌ఈని చేసేవారు. అంటే ఏసీ గ్యాస్‌ మనకి ఎక్కడో తయారై వచ్చిన పరాయి సరుకేమీ కాదు.

ఆర్‌-22 తయారయ్యే ఏ ప్లాంటులోనైనా ఆర్‌-23 అనే ఉపఉత్పత్తి వస్తుంది. మామూలుగా 100 కిలోలకి 1.5 నుంచి 4 కిలోలు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ దాని వేడెక్కించే శక్తి కార్బన్‌ డయాక్సైడ్‌కి 14,800 రెట్లు. కాల్చేస్తే అదే పెద్ద మేలు కాబట్టి క్యోటో ఒప్పందం రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా ఆర్‌-23ని కాల్చిన కంపెనీలకి కార్బన్‌ క్రెడిట్లు వచ్చాయి. క్రమంగా తల కింద, కాళ్లు పైన అయింది. అమ్మే గ్యాస్‌ కన్నా కాల్చే గ్యాస్‌ మీద లాభం ఎక్కువైతే, కాల్చడం కోసమే ఉత్పత్తి పెంచుతారేమోనన్న విమర్శ వచ్చింది. 2013 మే నుంచి యూరప్‌ తన మార్కెట్‌లో ఆ క్రెడిట్లు చెల్లవంది. 2016 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం ఇక మీ ఖర్చుతో మీరే కాల్చండని దేశంలోని ఆర్‌-22 తయారీదారులను ఆదేశించింది. 2020 జనవరిలో రుద్రారం సంస్థను మూసేయాలని కేంద్రం నిర్ణయించింది.

ఈ కథలో ఒక సౌలభ్యం ఉంది చూశారా? ఆర్‌-23 ఒకే పైపులోంచి వస్తుంది. ఆ పైపును ఇన్సినరేటర్‌కి కలిపితే సరి. కాల్చకపోతే ఎవరిని అడగాలో ప్రభుత్వానికి తెలుసు. ఫిల్మ్‌నగర్‌ గ్యాస్‌ అలా కాదు. వేల టెర్రస్‌ల మీద కిలో కిలోగా చెదిరి ఉంది. కాల్చే పరిజ్ఞానం పాతదే. సిలిండర్‌ అక్కడిదాకా చేరడమే జరగట్లేదు.

నల్లగొండ పాఠం

కాల్చాం, కడిగాం, చిమ్నీ రీడింగ్‌ బాగుంది. అయిపోయిందా? ఫ్లోరిన్‌ మూలకం. దాన్ని ఏ మంటా నాశనం చేయలేదు. గాల్లోంచి తీసి నీళ్లలో పెట్టాం, అంతే. ఫ్లోరైడ్‌ నీళ్లంటే ఏమిటో తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లగొండలో వంగిపోయిన వెన్నెముకలే చెప్పాయి. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది మన ప్రమాణం.

స్క్రబ్బర్‌ నీళ్లలో ఉండేది గ్రాముల్లో. సున్నం వేస్తే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దిగుతుంది. మన ఉదాహరణలో గంటకి 10 కిలోల గ్యాస్‌కి 9 కిలోల పొడి మడ్డి వస్తుంది. తడితో కలిపి తూస్తే ఇంకా ఎక్కువ. అది హజార్డస్‌ వేస్ట్‌ ల్యాండ్‌ఫిల్‌కి వెళ్లాలి, రోడ్డు పక్క గుంతలోకి కాదు. పైన తేరిన నీళ్లలో ఏడు కిలోల దాకా ఉప్పు కరిగి ఉంటుంది. అంతకంటే చిక్కు ఏంటంటే, కాల్షియం ఫ్లోరైడ్‌ కూడా కొంచెం కరుగుతుంది. సున్నం మాత్రమే వేసి ఊరుకుంటే లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ మిగిలే ఉంటుంది. వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటికి పరిమితి 2.

ఈ తేడాను పూడ్చడానికి పటిక వేస్తారు. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నీరీ శాస్త్రవేత్తలు తాగునీటి కోసం రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్‌. తాగునీటి కోసం పుట్టినా, ఫ్యాక్టరీ నీటి చివరి మెట్టులోనూ ఇదే కెమిస్ట్రీ పనికొస్తుంది. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఫ్యాక్టరీ నీళ్లతో ఏమైపోయిందో ఇక్కడి పెద్దవాళ్లని అడగండి. గాలి శుభ్రమైందని సంబరపడి నీటిని మర్చిపోతే ఏం జరుగుతుందో చెబుతారు.

ఎక్కడ కాల్చొచ్చు? హైదరాబాద్‌ శివార్లలో దుండిగల్‌ దగ్గర ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, అక్కడ ఇన్సినరేటర్‌ ఉంది. ఏపీలో పరవాడ దగ్గర అలాంటిదే ఉంది. ఇలాంటి చోట్ల మిగతా చెత్తతోపాటు గ్యాస్‌ను కొలిచి కొద్దికొద్దిగా ఎక్కించాలి, లేకపోతే ఇటుకలు, స్క్రబ్బర్‌ తట్టుకోలేవు. నా దృష్టిలో ఇంకా గట్టిగా ఆలోచించాల్సింది సిమెంట్‌ బట్టీల గురించి. మాంట్రియల్‌ ప్రోటోకాల్‌ ఆమోదించిన విధానాల్లో ఇదొకటి. బట్టీలో సున్నపురాయి ఎలాగూ ఉంటుంది కాబట్టి యాసిడ్‌ అక్కడికక్కడే విరిగి, ఫ్లోరిన్‌ క్లింకర్‌లో బందీ అవుతుంది. విడిగా నీళ్ల స్క్రబ్బర్‌ బెడద ఉండదు. క్లోరిన్‌ ఎక్కువైతే ప్రీహీటర్‌ సైక్లోన్లు గడ్డకట్టి పూడిపోతాయి, కాబట్టి నెమ్మదిగానే ఇవ్వాలి. హుజూర్‌నగర్‌, మేళ్లచెరువు వైపు బట్టీలకి కొదవ లేదు. అవి ఒకప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లావే. కాబట్టి అక్కడ ఎవరు మొదలుపెట్టినా జనం ముందు ఫ్లోరైడ్‌ లెక్కలు పెట్టకుండా మొదలుపెట్టకూడదు.

డబ్బెవరిది, ఉద్యోగమెవరిది?

2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్‌ నిబంధనల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు ఉన్నాయి. వాటిని అమ్మిన కంపెనీలే పాతవాటి బాధ్యత మోయాలి. కానీ రాగి, ఇనుము లెక్క తేల్చినంత తేలిగ్గా గ్యాస్‌ లెక్క తేలదు. ఏసీ రీసైక్లర్‌ గేటు దగ్గరికి వచ్చేసరికే లోపల ఖాళీ. టెర్రస్‌ మీద నట్టు విప్పే మనిషికి కిలోకి ఇంత అని చేతిలో పెడితే తప్ప ఏ స్క్రబ్బర్‌కీ పని దొరకదు. రికవరీ మెషీన్‌, సిలిండర్‌ మోసుకుని నాలుగంతస్తులు ఎక్కడానికి, ఖాళీ చేయడానికి పట్టే గంటకి కూలి ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. కంపెనీలే ఇవ్వాలన్నది నా అభిప్రాయం. మెకానిక్‌ను నేరస్థుణ్ని చేస్తే అతను చీకట్లో విప్పుతాడు, అంతకుమించి ఏమీ మారదు.

మీ సంగతికొద్దాం. ఐటీఐలో రిఫ్రిజిరేషన్‌, ఏసీ ట్రేడ్‌ చేసినవాళ్లకి రికవరీ పని చేతికొస్తే అదనపు బలం. రికవరీ సిలిండర్‌ను 80 శాతం మించి నింపకూడదు, రెండు రకాల గ్యాసులు కలపకూడదు, ఈ రెండు అలవాట్లున్న మెకానిక్‌కు విలువ పెరుగుతుంది. మండే స్వభావమున్న ఆర్‌-32, ఆర్‌-290 వచ్చాక శిక్షణ లేకుండా పని చేయడం ప్రాణాలతో చెలగాటమే. కెమికల్‌ ఇంజినీర్లకి స్క్రబ్బర్‌ డిజైన్‌ నేర్చుకుంటే ఈ ఒక్క రంగమే కాదు, బల్క్‌ డ్రగ్‌ యూనిట్లు, విశాఖ వైపు ఫాస్ఫేట్‌ ఎరువుల ఫ్యాక్టరీలు, సోలార్‌ సెల్‌ ప్లాంట్లు అన్నీ తలుపు తీస్తాయి. ఉచితంగా దొరికే డీడబ్ల్యూసిమ్‌ సాఫ్ట్‌వేర్‌లో పైన చెప్పిన 10 కిలోల లెక్కను మినీ ప్రాజెక్టుగా చేయొచ్చు. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు ఫ్లోరైడ్‌ ఎలక్ట్రోడ్‌, అయాన్‌ క్రోమటోగ్రఫీ చేత్తో చేసి ఉండాలి, రెజ్యూమెలో రాసుకోవడం కాదు. ఇన్‌స్ట్రుమెంటేషన్‌ వాళ్లకి చిమ్నీ ఆన్‌లైన్‌ మానిటరింగ్‌ ఉంది. పర్యావరణ కోర్సులు చూసేవాళ్లు గచ్చిబౌలిలోని ఈపీటీఆర్‌ఐ శిక్షణ కార్యక్రమాలను గమనిస్తూ ఉండండి. ఇప్పటికిప్పుడు ఈ పేరుతో వందల పోస్టులు పడతాయని ఎవరైనా కోచింగ్‌ సెంటర్‌ చెబితే మాత్రం ఫీజు కట్టకండి. ఇది నోటిఫికేషన్‌లో ఒక్కసారిగా వచ్చే ఉద్యోగం కాదు. తెలిసిన పనికి కొత్త అవసరం తోడవుతున్న రంగం.

ఇంటర్న్‌షిప్‌కో, ఇండస్ట్రియల్‌ విజిట్‌కో ఇలాంటి ప్లాంటుకి వెళ్తే చిమ్నీ దగ్గర సెల్ఫీ అయ్యాక ఒక్కమాట అడగండి. స్క్రబ్బర్‌లోంచి తీసేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, అందులో ఫ్లోరైడ్‌ చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఆ రిజిస్టర్‌ ఒకసారి చూడొచ్చా అని.